పాటిమన్ను మీద నడక

నెల్లూరు నుంచి ఆత్మకూరు దారి పట్టుకుంటే సంగం దాకా వరిమడులే. బుచ్చిరెడ్డిపాలెం చుట్టుపక్కల కాలవలు నిండుగా పారుతున్నాయి. గట్ల మీద తాటిచెట్లు, మడుల్లో కొంగలు, నాట్లు వేసే ఆడవాళ్ల కబుర్లు. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన నాకు మా ఊరి దారిలోనే వెళుతున్నట్టుంది. సంగం దాటాక మాత్రం నేల రంగు మారింది. ఎర్రమన్ను మొదలైంది, ఆ తర్వాత ఎర్రమన్నులో గులకరాళ్లు ఎక్కువయ్యాయి. వరి పోయి బత్తాయి తోటలు, పొగాకు బ్యారన్లు, వాటి మధ్య ఎవరూ నాటకపోయినా పెరిగిన సర్కారు తుమ్మ వచ్చాయి. పడమట ఆకాశం అంచున నీలంగా ఒక గీత కనిపించింది. అవి వెలికొండలు. నెల్లూరు జిల్లాకు, కడప జిల్లాకు అవే సరిహద్దు.

నాతో వచ్చిన మిత్రుడు కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతాడు. ఉదయగిరి అనగానే అందరికీ కోట గుర్తొస్తుంది, రాయలవారు గుర్తొస్తారు. మేము వెతుక్కుంటూ వచ్చింది అంతకు చాలా ముందటి సంగతి. రాజులు, శాసనాలు లేని కాలంలో ఈ మెట్టలో మనుషులు ఎక్కడ కాపురమున్నారు? వాళ్ల మొదటి ఊరు ఎలా ఏర్పడింది? ఇళ్లు ఎటు, పశువులు ఎటు, వల్లకాడు ఎటు? గడ్డపార పెట్టకుండా, నేలను గాయపరచకుండా ఇవన్నీ ఎంతవరకు తెలుసుకోవచ్చు? ఈ ప్రశ్నలతోనే మా ప్రయాణం సాగింది.

ఆత్మకూరులో పొద్దున్నే కారం దోశ తిన్నాం. ఎర్రకారం పూసిన దోశ మీద పప్పుల పొడి చల్లి ఇచ్చారు. పక్క పెనం మీద పులిబొంగరాలు ఉబ్బుతున్నాయి. మా వైపు కొత్త మనిషి కనిపిస్తే ముందు ఏ ఊరని, తర్వాత ఎవరి తాలూకని అడుగుతారు. ఇక్కడ ముందు కూర్చోమన్నారు, మంచినీళ్లు ఇచ్చారు, ఎవరని అడగడం ఆ తర్వాతే. కరువు మెట్టలో చెంబెడు నీళ్లకున్న విలువ కాలవల పక్క బతికిన నాకు అక్కడే బాగా తెలిసింది.

అక్కడి నుంచి సోమశిల వెళ్లాం. నంది కొండల్లో పుట్టిన పెన్న రాయలసీమ మీదుగా పారి, వెలికొండల్ని చీల్చుకుని మైదానంలోకి దిగేది ఇక్కడే. ఆ సందులోనే 78 టీఎంసీల జలాశయం కట్టారు. దాని నీళ్ల కింద కడప వైపు ఊళ్లు ఎన్నో ఉన్నాయి. ఆనకట్ట దిగువన ఏటి ఒడ్డున రాళ్ల గుట్టలు. గుడ్డు ఆకారంలో నునుపుగా, కొన్ని తెల్లగా, కొన్ని లేత గులాబి రంగులో ఉన్నాయి. మిత్రుడు ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, "ఇది క్వార్ట్జైట్. కొండ నుంచి విరిగి, ఏట్లో దొర్లి ఇలా నునుపెక్కింది. రాతియుగపు మనిషికి ఇంతకంటే మంచి సరుకు లేదు" అన్నాడు.

ఏరు కొట్టిన దెబ్బకు, మనిషి కొట్టిన దెబ్బకు తేడా ఎలా కనిపెట్టాలో అతను అక్కడే చూపించాడు. ఏట్లో దొర్లిన రాయికి దెబ్బలు అన్ని వైపులా అడ్డదిడ్డంగా ఉంటాయి. మనిషి చెక్కిన రాయికి ఒక వరస ఉంటుంది. ఒక అంచు ఎంచుకుని, దాని వెంబడే ఒకదాని పక్కన ఒకటిగా పెచ్చులు లేపుతాడు. పెచ్చు ఊడిన చోట గిన్నెలాంటి పల్లం మిగులుతుంది. ఊడిన పెచ్చుకు దెబ్బ తగిలిన చోటికి కింద చిన్న ఉబ్బు వస్తుంది. వేలితో తడిమితే ఆ ఉబ్బు తెలుస్తుంది. రాయిని చూపించాక ఎక్కడ నుంచి తీశాడో అక్కడే, అదే వైపు తిప్పి పెట్టాడు. అది మామూలు గులకరాయే. అయినా ఆ అలవాటు తప్పకూడదన్నాడు. ఏ రాయి ఏ చోట ఉందన్నదే సగం చరిత్ర.

భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తించాడు. మన దేశపు ప్రాచీన శిలాయుగ అధ్యయనం ఆ రోజుతో మొదలైందంటారు. అదే ఏడాది సెప్టెంబరులో అతను, విలియం కింగ్ కలిసి అత్తిరంపాక్కంలో మరిన్ని పనిముట్లు చూశారు. పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం తర్వాత అక్కడి అడుగు పొరల వయసు సుమారు 15 లక్షల ఏళ్లని తేల్చింది. ఆ విలియం కింగే తర్వాత నెల్లూరు సీమ రాళ్లను సర్వే చేశాడు. ఆ సర్వే గ్రంథం 1880లో వచ్చింది. మద్రాసు నుంచి పెన్న దాకా ఈ కొండవాలు నేలను మొదట చదివింది రాళ్లను పటంలో గుర్తించడానికి కాలినడకన, గుర్రాల మీద తిరిగిన ఇలాంటి వాళ్లే. వాళ్ల పనిలో ఎక్కువ భాగం కళ్లతో, కాళ్లతో చేసిందే. ఇటీవలి సంగతి చూస్తే, ఉదయగిరికి ఉత్తరాన ప్రకాశం ప్రాంతంలోని రెట్లపల్లె దగ్గర బరోడా విశ్వవిద్యాలయానికి చెందిన అనిల్ దేవర బృందం దాదాపు 1,39,000 ఏళ్ల నాటి రాతి పనిముట్లను గుర్తించింది. వెలికొండల తూర్పు వాలు మనిషికి కొత్త చోటేమీ కాదు.

ఆత్మకూరుకు తిరిగొచ్చి మర్రిపాడు మీదుగా ఉదయగిరి దారి పట్టాం. నడిమధ్యలో ఒక చిన్న ఊరి దగ్గర ఆగాం. ఊరి బయట, చెరువు గట్టుకు కాస్త ఎడంగా, చుట్టుపక్కల చేలకంటే మనిషి ఎత్తున లేచిన దిబ్బ ఒకటి ఉంది. మట్టి బూడిద రంగులో, మెత్తగా ఉంది. ఒకప్పుడు ఊరున్న చోటును తెలుగు నేలంతా పాటి అనే అంటారు. దాని మట్టి పాటిమన్ను. తరతరాల పొయ్యి బూడిద, పేడ, చెత్త, కూలిన మట్టిగోడలు కలిసిన మన్ను కాబట్టి పైరుకు మంచి సత్తువ.

గట్టు మీద కూర్చున్న పెద్దాయన్ని అడిగితే చెప్పాడు. "మా నాయన కాలంలో ఎండాకాలం వస్తే బండ్లు కట్టి తోలేవాళ్లు సామీ. ఇంత ఎత్తుండేది." చెయ్యి తలపైకి లేపి చూపించాడు. "ఇప్పుడు బండ్లెవురికున్నాయి? జేసీబీ వచ్చి ఒక్క పూటలో ఎత్తుకుపోతాది."

ఆ దిబ్బ మీద మేము నెమ్మదిగా నడిచాం. మిత్రుడు నాకు ఒక వరస ఇచ్చాడు, తానొక వరస తీసుకున్నాడు. ఇద్దరి మధ్య అయిదారు అడుగుల దూరం. వంగి చూస్తూ వెళ్లాలి, దేన్నీ తీయకూడదు, కనిపించినదాన్ని లెక్క రాసుకోవాలి. చెరువు వైపు వాలులో కుండ పెంకులు దట్టంగా ఉన్నాయి. దిబ్బ నడుమ తక్కువ. ఉత్తరపు అంచున నల్లగా, బుడగలు బుడగలుగా ఉన్న చిట్టెం రాళ్లు ఒకే చోట పడి ఉన్నాయి. అంటే ఎప్పుడో అక్కడ కొలిమి నడిచింది. పెంకుల్లో ఒకటి లోపల నలుపు, వెలుపల ఎరుపు. ఇలాంటి కుండలు దక్షిణాదిలో ఇనుపయుగపు పెద్దరాతి సమాధుల కాలం నుంచి చరిత్ర కాలం దాకా వాడారు. ఒక్క పెంకును పట్టుకుని దిబ్బకు వయసు కట్టలేం. కానీ ఏ మూల ఏం పని జరిగిందో అంచనా వేయడానికి ఆ పూట నడక చాలింది. కొలిమిని ఊరికి ఒక అంచున పెట్టుకున్నారు. చెత్తను వాలులోకి పారబోశారు. ఊరి నక్షాలో రెండు మూడు గీతలు అలా మా నోటుబుక్కులోకి వచ్చాయి.

కట్రగడ్డ పద్దయ్య గారు జీవితమంతా చేసింది ఈ పనే. దక్కన్ కాలేజీలో పనిచేసిన ఈ తెలుగు పురావస్తు శాస్త్రవేత్త కర్ణాటకలోని హుణసిగి, బైచబాళ్ లోయల్ని ఏళ్ల తరబడి కాలినడకన గాలించి, తొలి శిలాయుగపు చోట్లను వందకు పైగా గుర్తించారు. విడివిడిగా దొరికిన రాళ్లను పోగేసి మ్యూజియంలో పెడితే సరిపోదని, లోయ మొత్తాన్ని ఒక్క బతుకుగా చదవాలని ఆయన పట్టుబట్టారు. వానాకాలం మనుషులు ఎటు చెదిరారు, ఎండాకాలం ఏ ఊట దగ్గర చేరారు అన్న ప్రశ్నలకు ఒక్క గుంట తవ్వితే జవాబు దొరకదు.

నడకకు ఇప్పుడు పరికరాలు తోడయ్యాయి. నేలలోకి కొద్దిపాటి కరెంటు పంపి అది ఎంత సులువుగా పారుతుందో కొలిచే పద్ధతిని 1946లో ఇంగ్లండులో రిచర్డ్ అట్కిన్‌సన్ పురావస్తువుల కోసం వాడాడు. పూడిపోయిన గుంటలో తేమ నిలుస్తుంది కాబట్టి అక్కడ కరెంటు సులువుగా పారుతుంది. రాతిగోడ దగ్గర అడ్డు తగులుతుంది. 1958లో మార్టిన్ ఎయిట్‌కెన్ మాగ్నెటోమీటర్‌తో పూడిపోయిన కుండల ఆవాన్ని కనిపెట్టాడు. మట్టి ఎర్రగా కాలి చల్లారేటప్పుడు అందులోని ఇనుప రేణువులు ఆనాటి భూమి అయస్కాంత దిశకు సర్దుకుని అలాగే ఉండిపోతాయి. పొయ్యి ఆరి వేల ఏళ్లయినా ఆ గుర్తు చెరగదు. పరికరం పట్టుకుని చేలో వరసగా నడిస్తే కాలిన చోట్లన్నీ పటం మీద తేలతాయి. రాడార్ తరంగాలు పంపేది ఇంకొక పద్ధతి. డ్రోన్ మీది నుంచి నేల ఎత్తుపల్లాల్ని అంగుళాల లెక్కన కొలిచేది మరొకటి. పశువులు, మనుషులు ఎక్కువకాలం ఉన్న చోట మట్టిలో ఫాస్ఫేటు పెరుగుతుంది. చిటికెడు మట్టితో ఆ సంగతి కూడా తేలుతుంది.

ఇవేవీ ఊహలు కావు. ఉక్రెయిన్‌లో నెబెలివ్కా అనే చోట సుమారు 6,000 ఏళ్ల నాటి ఊరు చేల కింద పూడిపోయి ఉంది. మాగ్నెటోమీటర్‌తో నడిచి చూస్తే దాదాపు 1,500 ఇళ్లు వలయాలుగా, నడుమ పెద్ద ఖాళీ జాగాతో కనిపించాయి. ఆ ఇళ్లను ఆనాటివాళ్లు కాల్చేశారు గనుకే అంత స్పష్టంగా తేలాయి. మనకు దగ్గర్లో చూస్తే, ఒడిశాలోని శిశుపాల్‌గఢ్ కోట పట్నాన్ని 1948లో బి.బి. లాల్ తవ్వారు. 2005 నుంచి మోనికా స్మిత్, రవీంద్ర కుమార్ మొహంతి అక్కడే నేలపై సర్వేను, పరికరాలను జోడించి ఊరి వీధుల తీరును వెలికితీశారు. తెలంగాణలో ముడుమాల్ నిలువురాళ్లను కె.పి. రావు గారు కొలతలు తీసి, సూర్యుడి గతితో వాటి వరసలు కలిసే తీరును చూపించారు. 2025లో ఆ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కింది.

పరికరాలకు హద్దులూ ఉన్నాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ నెల్లూరు రాతి పట్టీలోని రెండు వర్గాలకు వింజమూరు, ఉదయగిరి పేర్లే పెట్టారు. వింజమూరు వర్గపు నల్లరాళ్లలో ఇనుము ఎక్కువ. అలాంటి రాయి పైకి తేలిన చోట మాగ్నెటోమీటర్ పొయ్యికీ బండకూ తేడా చెప్పలేదు. తడి బంకమట్టిలో రాడార్ లోతుకు పోదు. అందుకే ఏ నేల మీద ఏది పనికొస్తుందో ముందు ఆ నేల తెలిసినవాళ్లను అడగాలి. ఎక్కడ నాగలికి రాళ్లు తగులుతాయి, ఎక్కడ పైరు ఏటా ఏపుగా వస్తుంది, ఎక్కడ ముందు ఎండిపోతుంది అన్నది ఆ చేను దున్నే రైతుకు తెలిసినంతగా ఉపగ్రహానికి కూడా తెలియదు.

ఉదయగిరి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఊరి మీదికి వంగి చూస్తున్నట్టు దుర్గం. మూడు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. పైఅంచున రాతి గోడ కట్టినట్టు నిట్టనిలువు చరియలు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోట ముందు కృష్ణదేవరాయలు ఏడాదిన్నర విడిది చేసి, 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. రాజుల కథకు అంత సాక్ష్యముంది. రాయడం తెలియని మనుషుల కథకు ఈ మట్టి తప్ప వేరే సాక్ష్యం లేదు.

ఊళ్లో కొయ్య చెంచాలు చేసే ఇంటికి వెళ్లాం. ఉదయగిరి కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. గడప పక్కన చాప మీద ఒకామె కాళ్లు చాపుకుని కూర్చుని గరిటె తొలుస్తోంది. "దగ్గరికి రండి అన్నా, చూడండి" అంది. పని ఆపలేదు. ఉలి కదిలినప్పుడల్లా సన్నటి చుట్టలు చుట్టలుగా కొయ్య పొట్టు ఊడి పడుతోంది. నేను ఆమె చేతుల్ని చూస్తున్నాను, మిత్రుడు నేలను చూస్తున్నాడు. పొట్టంతా ఆమె కుడివైపు, మోకాలి ముందు నెలవంక ఆకారంలో పరుచుకుంది. ఆమె కూర్చున్న చోట మాత్రం చాప శుభ్రంగా ఉంది. విరిగిన చెంచాలు ఎడమవైపు గోడ వార ఉన్నాయి. ఆమె లేచి వెళ్లిపోయినా ఎక్కడ కూర్చుంది, ఏ చేత్తో పనిచేసింది, పాడైన సరుకును ఎటు విసిరింది అన్నది ఆ పొట్టే చెబుతుంది. బళ్లారి దగ్గర సంగనకల్లు, కుప్‌గల్ కొండల మీద కొత్తరాతియుగం వాళ్లు నల్లరాతి గొడ్డళ్లు చేసిన చోట పెచ్చుల గుట్టలున్నాయి. రవి కొరిశెట్టర్, నికోల్ బోవిన్, డోరియన్ ఫుల్లర్ బృందం అక్కడ మనుషుల పనిని చదివింది ఇలాగే. ఆ పెచ్చుల్ని ఒక్కసారి పారతో కలిపేస్తే ఆ చదువు అక్కడితో ముగుస్తుంది.

సాయంకాలం దుర్గం కింద, పంట కోసిన చేలో గొర్రెల మంద కనిపించింది. చేను సత్తువ కోసం రైతు రాత్రికి ఇంతని మాట్లాడుకుని మంద కట్టించుకున్నాడు. ముళ్లకంప దడి గుండ్రంగా వేసి ఉంది. దడి లోపల మంద. పసి పిల్లల్ని పెద్ద వెదురు గంపల కింద కమ్మారు. దడికి వెలుపల, గాలి వచ్చే వైపున మూడు రాళ్ల పొయ్యి, పక్కనే గొంగళ్లు పరిచి ఉన్నాయి. కాపరి పెద్దాయన రాగి సంగటి ముద్ద, చెనక్కాయల ఊరిబిండి మా చేతుల్లో పెట్టాడు. వద్దన్నా వినలేదు. "మంద కాడికి వొచ్చినోళ్లు తినకుండా పోతే మందకు మంచిది కాదు" అన్నాడు.

కిందటి రాత్రి మంద కట్టిన చోటు చూపించమని అడిగాను. పక్క చెక్కలోనే ఉంది. దడి తీసేసినా వలయం స్పష్టంగా కనిపిస్తోంది. లోపల నేల నల్లగా, గిట్టలు తొక్కి పొడి చేసిన పెంటికలతో మెత్తగా ఉంది. వెలుపల పొయ్యి రాళ్ల మధ్య మట్టి బెత్తెడు మేర ఎర్రగా కాలింది. మిత్రుడు మోకాళ్ల మీద కూర్చుని ఆ ఎర్రమట్టిని చాలాసేపు చూశాడు. వాన పడి, దున్ని, పైరు వేసినా ఈ వలయంలో ఫాస్ఫేటు మిగులుతుంది. ఎక్కువకాలం మండిన పొయ్యి అయితే దాని అయస్కాంత గుర్తు కూడా మిగులుతుంది. మంద నడుమ, మనుషులు అంచున, నిప్పు గాలివైపు. ఒక ఊరి నక్షాకు ఇదే తొలి గీత.

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ బూడిద దిబ్బను తవ్వినప్పుడు కనిపించింది ఇదే అమరిక. తాటి మొద్దులు పాతి కట్టిన దొడ్డి, అందులో పోగైన పేడ, దాన్ని మళ్లీ మళ్లీ కాల్చిన పొరలు, వాటి మధ్య పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. నాలుగైదు వేల ఏళ్ల కిందటి అచ్చులవి. బళ్లారి, రాయచూరు, అనంతపురం, కర్నూలు సీమల్లో ఇలాంటి దిబ్బలు చాలా ఉన్నాయి. వాటిలోది పేడ బూడిదేనని 1960 నాటికి జాయినర్ అనే శాస్త్రవేత్త చేసిన పరీక్షలతో గట్టిపడింది. పద్దయ్య గారు కర్ణాటకలోని బూదిహాళ్‌లో పశువుల దొడ్డిని, దాన్ని ఆనుకుని మనుషుల నివాసాలను, మాంసం కోసిన తావును విడివిడిగా గుర్తించారు. పశువును కట్టేసిన చోటే దక్కన్‌లో మనిషి నిలకడగా ఉండిపోయాడు. ఒంగోలు గిత్తకు, నెల్లూరు జాతి గొర్రెకు పుట్టిల్లయిన ఈ సీమలో, మంద కట్టే ఆచారం ఇంకా బతికున్న చేలో నిలబడి ఆలోచిస్తే ఆ మాట సులువుగా మనసుకెక్కింది. ఊరి పుట్టుకను తెలుసుకోవడానికి పరికరాలు ఎంత అవసరమో, ఆ కాపరిని అడగడం అంతే అవసరం.

తిరుగు దారిలో మా కృష్ణా తీరం గుర్తొచ్చి బాధ కలిగింది. అమరావతి స్తూపాన్ని సర్వేయరు మెకంజీ మొదట 1797 ప్రాంతంలో చూశాడు. 1816లో మళ్లీ పటం గీయడానికి వచ్చేసరికి నడిమి దిబ్బను తవ్వి చెరువు చేసేశారు. ఆ తర్వాత బ్రిటిష్ అధికారి సెవెల్ తవ్వాడు. 1880లో గవర్నరు ఆజ్ఞతో మిగిలిన మట్టినంతా ఎత్తిపోశారు. శిల్పాలు లండన్‌లో, చెన్నైలో భద్రంగా ఉన్నాయి. కానీ ఏ పలక ఎక్కడ నిలబడిందో, స్తూపానికి ముందు ఆ చోట ఏముందో చెప్పగలిగిన మట్టి పొరలు పోయాయి. భట్టిప్రోలులో స్తూపపు ఇటుకలు రోడ్డు పనులకు పోయాయి. చెడ్డ ఉద్దేశం లేనివాళ్లు కూడా తొందరపడి తవ్వితే ఎంత నష్టమో మా నేల చెబుతుంది.

ఉదయగిరి, ఆత్మకూరు మెట్టకు ఇంకా గడువుంది. కానీ ఎక్కువ లేదు. గ్రావెల్ కోసం గుట్టలు తరుగుతున్నాయి. లేఅవుట్ల కోసం చేలు చదునవుతున్నాయి. పాటిమన్ను ట్రాక్టర్లెక్కుతోంది. గుప్తనిధుల ఆశతో రాకాసి గుళ్లు, పాండవ గుళ్లు అని పిలిచే పెద్దరాతి సమాధులను పగలగొట్టేవాళ్లు తెలుగు జిల్లాలన్నింటా ఉన్నారు. వాటిలో బంగారం ఉండదు. ఎముకలు, కుండలు, తుప్పు పట్టిన ఇనుము ఉంటాయి. వాటి విలువంతా ఉన్నచోట ఉండటంలోనే ఉంది.

నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. కొండ అవతల కడపలో చరిత్ర, పురావస్తు శాఖ ఉన్న యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. ఈ రెండూ చేతులు కలిపి, పంట కోసిన వేసవిలో విద్యార్థుల్ని వరసలు కట్టించి ఈ మండలాల పాటిదిబ్బల మీద నడిపిస్తే చాలు, మొదటి పటం తయారవుతుంది. దానికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఆ పటం చేతికొచ్చాక పరికరాలు, అవీ చాలని చోట మాత్రమే తవ్వకం. ఆ క్రమం తప్పకూడదు.

మీ ఊరి పక్కన పాటిదిబ్బ ఉంటే దాని మట్టి తోలనివ్వకండి. చేలో చెక్కిన రాయో, పాత కుండో కనిపిస్తే కదపకుండా ఫోటో తీసి, చోటు గుర్తు రాసిపెట్టి, తహసీల్దారుకో పురావస్తు శాఖకో తెలియజేయండి. పది రూపాయలకు మించి విలువున్న పాత వస్తువు నేలలో దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఎప్పుడో చెప్పింది. చట్టం కన్నా ముందు, ఆ చోటు మన పూర్వీకుల తొలి ఊరు కావచ్చన్న గౌరవం మనకుండాలి.